కంఠపాఠమూ విజ్ఞానబోధనా

దివిసీమలో సముద్రానికి దగ్గరగా ఉన్న గ్రామాలలో గొట్టపుబావి దింపించేవారికి ఒక సంగతి బాగా తెలుసు. పాత ఇసుకమెరకల మీద కొద్ది లోతులోనే మంచినీరు పడుతుంది. ఆశకొద్దీ ఇంకా లోతుకు పోతే నీరు ఉప్పనవుతుంది. లోతు పెంచకపోయినా, వేసవిలో అదేపనిగా తోడితే కొన్నాళ్లకు అదే బావి ఉప్పునీరు ఇస్తుంది. అదే గ్రామం నుంచి ఉన్నత పాఠశాలకు పోయే విద్యార్థికి మరొక సంగతి తెలుసు. ప్రమాణ ఘనపరిమాణంలో ఉండే ద్రవ్యరాశిని సాంద్రత అంటారు. నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా ఒప్పజెబుతాడు. ఈ రెండు తెలివిడులూ ఒకే ఇంట్లో కాపురముంటూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. తండ్రికి తెలిసినది పరీక్షలో అడగరు. కొడుకుకు తెలిసినది బావి దగ్గర అక్కరకు రాదు.

విజ్ఞానశాస్త్రాన్ని మన పాఠశాలలలో చెబుతున్న తీరును విమర్శించేవారు సాధారణంగా పిల్లల బద్ధకాన్నో, ఉపాధ్యాయుల నిరాసక్తతనో, గైడ్లు అచ్చువేసేవారి వ్యాపారాన్నో తప్పుపడతారు. అవన్నీ ఉన్న మాటే. కాని అసలు లోపం ఇంకొక చోట ఉన్నది. నిర్వచనం నోటికి రావడంతో పాఠం పూర్తి అయినట్లు లెక్కవేస్తున్నారు. నిజానికి నిర్వచనంతో పాఠం మొదలు కావలె.

పై ఉదాహరణనే కొంచెం ముందుకు నడిపి చూడవచ్చు. మంచినీటి సాంద్రత 1.000 అనుకుంటే సముద్రపు నీటి సాంద్రత సుమారు 1.025. ఇసుకదిబ్బ మీద కురిసిన వాన లోపలికి ఇంకి, అడుగున ఉన్న ఉప్పునీటి మీద తేలుతూ నిలుస్తుంది. ఈ మంచినీటి పైమట్టం సముద్రమట్టానికి ఎంత ఎత్తున ఉన్నదో తెలిస్తే, మంచినీరు సముద్రమట్టం కింద ఎంత లోతుదాకా ఉంటుందో చెప్పవచ్చునా? అడుగున, రెండు నీళ్లూ కలిసే చోట, పీడనాలు సమానంగా ఉండవలె. లోతును 1.025 చేత గుణిస్తే ఉప్పునీటి స్తంభం లెక్క వస్తుంది. అదే లోతుకు పైనున్న ఎత్తును కలిపి 1.000 చేత గుణిస్తే మంచినీటి స్తంభం లెక్క వస్తుంది. రెంటినీ సమానం చేస్తే, లోతు ఎత్తుకు 40 రెట్లు అని తేలుతుంది. అంటే సముద్రమట్టానికి అరమీటరు పైన నీళ్లు నిలిచిన దిబ్బ కింద 20 మీటర్ల దాకా మంచినీరు ఉండవచ్చు. అంతకంటె ముఖ్యమైన సంగతి దీని వెనుక ఉన్నది. తోడడంవల్ల పైమట్టం 10 సెంటీమీటర్లు పడిపోతే, అడుగున ఉప్పునీరు కాలక్రమాన 4 మీటర్లు పైకి వస్తుంది. బావి ఎందుకు ఉప్పనైనదో ఇప్పుడు తెలిసింది.

ఈ సూత్రాన్ని డచ్చి దేశీయుడైన బాడన్ ఘైబెన్, జర్మనీకి చెందిన హెర్జ్‌బెర్గ్ అనే ఇద్దరు 19వ శతాబ్ది చివర, 20వ శతాబ్ది తొలినాళ్లలో ఎవరికి వారుగా కనుగొన్నారు. దానికి కావలసిన గణితం ఎనిమిదో తరగతి బీజగణితాన్ని మించదు. దివిసీమ భూగర్భం ఇంత సరళమైనదేమీ కాదు. డెల్టాలో బంకమట్టి పొరల మధ్య పూర్వపు సముద్రపు నీరు చిక్కుకుని ఉండవచ్చు, అలాంటి చోట ఈ లెక్క కుదరదు. ఆ మాట కూడా విద్యార్థికి చెప్పవలసిందే. సూత్రం ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ పనిచేయదో తెలియడం కూడా శాస్త్రంలో భాగమే. అయితే పాఠ్యపుస్తకంలోని ఉదాహరణలో సాంద్రత అంటే ఇనుపదిమ్మె, చెక్కదిమ్మె. ఆ దిమ్మెలు దేశంలో ఏ ఊరివైనా కావచ్చు.

గుడివాడ, ముదినేపల్లి, కైకలూరు వైపు పోతే ఇలాంటిదే మరొకటి కనబడుతుంది. వరిచేలు చాలావరకు చేపల చెరువులైనాయి. తెల్లవారుజామున చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే రైతు కంగారుపడి ఏరేటర్లు తిప్పిస్తాడు. ఆ ఇంటి పిల్లవాడు కిరణజన్య సంయోగక్రియ సమీకరణాన్ని ఎడమనుంచి కుడికీ కుడినుంచి ఎడమకూ వ్రాయగలడు. పగలు నీటిలోని సూక్ష్మమైన పచ్చని మొక్కలు ఆమ్లజనిని, అంటే ఆక్సిజన్‌ను, విడుదల చేస్తాయి. రాత్రి వెలుగు లేక ఆ పని ఆగిపోతుంది. శ్వాసక్రియ మాత్రం ఆగదు. చేపలూ, ఆ మొక్కలూ, అడుగుబురదలోని బాక్టీరియా కూడా రాత్రంతా ఆమ్లజనిని వాడుకుంటూనే ఉంటాయి. అందుచేత సూర్యోదయానికి కొంచెం ముందు అది అతి తక్కువగా ఉంటుంది. పుస్తకంలోని రెండు వేరువేరు అధ్యాయాలను ఒక చెరువుగట్టు మీద నిలబడి కలపడమే ఇక్కడ చేయవలసిన పని. కలపమని ఏ ప్రశ్నపత్రమూ అడగకపోతే విద్యార్థి తనంత తాను కలపడు. అతణ్ణి తప్పుపట్టడానికీ లేదు.

ఇంతమాత్రాన జ్ఞాపకశక్తిని తీసిపారవేయడం సబబు కాదు. కంఠపాఠాన్ని ఈసడించడం ఈమధ్య విద్యావేత్తల సభలలో మర్యాదగా చలామణీ అవుతున్నది. కృష్ణా డెల్టాలో పుట్టిన విద్యలు దీనికి సాక్ష్యం చెప్పవు. కూచిపూడి గ్రామంలో నాట్యం నేర్చే పిల్లలు జతులనూ దరువులనూ కంఠస్థం చేయకుండా అడుగు ముందుకు వేయలేరు. కాని అక్కడ నోటికి వచ్చినది వెంటనే కాలికి రావలె. గురువు ఎదుట ఆడి చూపవలె. తప్పితే అక్కడికక్కడే దిద్దుకోవలె. నోటికి వచ్చి కాలికి రానివాణ్ణి నేర్చినవాడని ఎవరూ అనరు. అట్లాగే ఎక్కాలు. పదిహేడెనిమిదులు ఎంత అని ఆగి ఆలోచించే విద్యార్థికి పై లెక్కలో పీడనాల సంగతి తలకెక్కదు, మనస్సు గుణకారం దగ్గరే చిక్కుకుంటుంది. కొన్ని సంగతులు నోటికి వచ్చి ఉండడంవల్లనే మిగిలినవాటిని గురించి ఆలోచించడానికి తీరిక దొరుకుతుంది.

జ్ఞాపకాన్ని గురించి జరిగిన పరిశోధనలు కూడా ఈ మాటనే కొంత వేరుగా చెబుతున్నాయి. 1885లో జర్మన్ మనస్తత్వశాస్త్రజ్ఞుడు ఎబ్బింగ్‌హౌస్ అర్థంలేని అక్షరసముదాయాలను తానే కంఠస్థం చేసి, ఎంతకాలానికి ఎంత మరచిపోతున్నాడో లెక్కగట్టాడు. అర్థం లేనిది త్వరగా జారిపోతుంది. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు విద్యార్థుల చేత రెండు చిన్న వ్యాసాలు చదివించారు. ఒక వ్యాసాన్ని రెండవసారి కూడా చదివించారు. రెండవదానిని మూసి, గుర్తున్నదంతా వ్రాయించారు. అయిదు నిమిషాల తరువాత పరీక్షిస్తే మళ్లీ చదివినదానిలో 81 శాతం, వ్రాసినదానిలో 75 శాతం గుర్తున్నది. వారం తరువాత పరీక్షిస్తే క్రమం తిరగబడింది. మళ్లీ చదివినదానిలో 42 శాతం, వ్రాసినదానిలో 56 శాతం. మన పాఠశాలలలో పరీక్షల ముందు తెల్లవారుజామున లేచి చదివినదే చదివే అలవాటు అయిదు నిమిషాల ఫలితాన్ని చూచి మోసపోవడమే. పుస్తకం మూసి గుర్తుకు తెచ్చుకోవడం కూడా ఒక కృత్యమే. దానికి ఖర్చు లేదు, పరికరం అక్కరలేదు. తరగతి చివర అయిదు నిమిషాలు దీనికి కేటాయించని ఉపాధ్యాయుడు చార్టులూ రంగుకాగితాలూ ఎన్ని అంటించినా ప్రయోజనం తక్కువ.

చేతితో నేర్వడం అనే ఆలోచన బందరుకు కొత్తది కాదు. 1843లో రాబర్టు నోబుల్ ఇక్కడ స్థాపించిన పాఠశాల ఇంగ్లీషు చదువుకు ఈ జిల్లాలో పునాది వేసింది. ఆ చదువు కచేరీ ఉద్యోగాలకు దారి చూపింది. దానికి ఎదురుగా, వందేమాతరం ఉద్యమపు వేడిలో, 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల వెలిసింది. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య దానికి మూలపురుషులు. పుస్తకవిద్యతోపాటు వడ్రంగం, నేత, లోహపుపని, చిత్రలేఖనం వంటివి అక్కడ పాఠ్యక్రమంలో చేరాయి. పత్తి రకాలమీద పరిశీలన చేసి పత్తి వెంకయ్య అనిపించుకున్న పింగళి వెంకయ్య కొంతకాలం అక్కడ పనిచేశారు. ప్రమోదకుమార ఛటర్జీ అక్కడ చిత్రకళ నేర్పారు, అడివి బాపిరాజు ఆయన వద్ద శిష్యరికం చేశారు. గాంధీజీ వార్ధా విద్యాపథకం వెలువడింది 1937లో. దానికి పాతికేళ్లు పైగా ముందే బందరు ఆ దారి తొక్కింది.

అయితే ఆ దారి జిల్లా అంతటా ఎందుకు పరుచుకోలేదు? అభిమానంతో వ్రాసేవారు ఈ ప్రశ్నను దాటవేస్తారు. 1922లో హనుమంతరావు మరణించడం ఒక దెబ్బ అన్నమాట నిజమే. కాని దేశమంతటా జాతీయ విద్యాలయాలకు పట్టిన గతి ఇంచుమించు ఒకటే. సర్కారు కొలువుకు కావలసినది విశ్వవిద్యాలయపు పట్టా. ఆ పట్టాకు కావలసినది ఒక తరహా పరీక్ష. ఆ పరీక్షకు కావలసినది కంఠపాఠం. బోధన మారినా పరీక్ష మారలేదు గనుక తలిదండ్రులు పరీక్షవైపే మొగ్గారు. వారిని నిందించి లాభం లేదు. నూరేళ్లు దాటినా ఈ ముడి అట్లాగే ఉన్నది. 1980 దశాబ్దంలో ఎంసెట్ వచ్చిన తరువాత కృష్ణా, గుంటూరు జిల్లాలలో పెరిగిన ఆవాస శిక్షణాలయాల విద్య ఈ ముడిని మరింత బిగించింది. తెల్లవారకముందు లేపి రాత్రి పొద్దుపోయేదాకా బిట్లు చేయించే పద్ధతిలో విద్యార్థి కష్టపడడం లేదని ఎవరూ అనలేరు. చాలా కష్టపడుతున్నాడు. ఆ కష్టమంతా ఇతరులు తయారుచేసిన ప్రశ్నకు ఇతరులు తయారుచేసిన జవాబును త్వరగా గుర్తుపట్టడానికి ఖర్చవుతున్నది.

ప్రభుత్వం ఊరుకున్నదనీ అనలేము. 1980 దశాబ్దంలో బ్రిటిష్ ప్రభుత్వ సహాయంతో ఆరంభమైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యాపథకం కృత్యాలు, చిన్న జట్లు, స్థానిక పరిసరాల వినియోగం, పిల్లలు చేసినవాటిని ప్రదర్శించడం వంటి సూత్రాలను ఉపాధ్యాయులకు నేర్పింది. 1993లో యశ్‌పాల్ సంఘం పుస్తకభారాన్ని గురించి హెచ్చరించింది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చదువును బడి వెలుపలి జీవితంతో ముడివేయమన్నది. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షను కృత్యాల ద్వారా, అన్వేషణ ద్వారా, బాలలు కేంద్రంగా బోధన జరగవలెనని నిర్దేశించింది. ఇన్ని చెప్పిన తరువాత మిగిలిన ఇబ్బంది ఏమంటే, కృత్యాన్ని కూడా వల్లెవేయవచ్చు.

ప్రయోగశాల రికార్డును చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. ఉద్దేశం, పరికరాలు, విధానం, ఫలితం, జాగ్రత్తలు అన్నీ క్రమంగా ఉంటాయి. ముత్యాలవంటి దస్తూరి. బొమ్మలకు రంగులు. రీడింగులన్నీ జవాబుకు అతిదగ్గరగా వస్తాయి. నిజంగా కొలిచినవి అంత అందంగా రావు. పోయిన సంవత్సరపు రికార్డు చూచి వ్రాసినది కనుక అట్లా వచ్చాయి. పరికరాలు మాత్రం బీరువాలో తాళం కింద క్షేమంగా ఉంటాయి, పగిలితే లెక్క చెప్పవలసిన భయం ఉన్నది కదా.

ఉపాధ్యాయులకు ఇచ్చే శిక్షణలోనూ ఇదే వరుస. చదివినదానిలో 10 శాతం, విన్నదానిలో 20 శాతం, చూచినదానిలో 30 శాతం గుర్తుంటుందనీ, చేసినదానిలో 90 శాతం గుర్తుంటుందనీ ఒక త్రికోణపు బొమ్మను శిక్షణ తరగతులలో తరచు చూపుతారు. దానికింద ఎడ్గర్ డేల్ పేరు ఉంటుంది. డేల్ 1946లో ఒక శంకువు బొమ్మ గీసిన మాట నిజం. అనుభవాలను మూర్తమైనవాటి నుంచి అమూర్తమైనవాటి దాకా వరుసగా పేర్చి చూపాడు. అందులో ఒక్క శాతం అంకె కూడా లేదు. అవి తరువాతివారు తగిలించినవి, వాటి వెనుక పరిశోధన ఏదీ లేదు. సహజంగా జరిగిన కొలతలు పదులతో తెగే అంకెలు ఇన్ని ఇవ్వవని భౌతికశాస్త్రం చదివినవారికి వెంటనే అనుమానం రావలె. రాలేదు. కంఠపాఠం కూడదని చెప్పే పాఠాన్ని కంఠస్థం చేయించడం ఎంత సులభమో ఈ బొమ్మ చూపుతున్నది.

అయితే కృత్యబోధనకు ఆధారాలు లేవా? ఉన్నాయి, ఆ దొంగ అంకెల కంటె మంచివే ఉన్నాయి. హార్వర్డులో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మాజూర్‌కు తన ఉపన్యాసాలు బాగా నచ్చేవి. విద్యార్థులకూ నచ్చేవి. కఠినమైన లెక్కలు చేసేవారు. 1990 ప్రాంతంలో బలాన్ని గురించి నిత్యజీవితపు మాటలలో మామూలు ప్రశ్నలు ఇస్తే చాలామంది తప్పారు. ఈ ప్రశ్నలకు మీరు చెప్పినట్లు జవాబు వ్రాయమంటారా, నాకు తోచినట్లు వ్రాయమంటారా అన్న అర్థంలో ఒక విద్యార్థిని అడిగిందట. అప్పటినుంచి ఆయన పద్ధతి మార్చాడు. ప్రశ్న ఇస్తాడు, ప్రతివారూ ఒక జవాబు ఎన్నుకుంటారు, తరువాత పక్కవారితో వాదించి మళ్లీ ఎన్నుకుంటారు, ఆ తరువాతే ఉపాధ్యాయుడు మాట్లాడతాడు. 2014లో ఫ్రీమన్, ఆయన సహచరులు విజ్ఞాన, ఇంజనీరింగు, గణిత శాస్త్రాలలో జరిగిన 225 అధ్యయనాలను కలిపి చూచారు. కేవలం ఉపన్యాసం విన్న తరగతులలో తప్పినవారు సగటున 33.8 శాతం, చురుకుగా పాల్గొన్న తరగతులలో 21.8 శాతం. 2019లో హార్వర్డులోనే జరిగిన మరొక పరిశీలనలో, పాల్గొన్న విద్యార్థులు ఎక్కువ నేర్చుకున్నారు గాని, తక్కువ నేర్చుకున్నామని భావించారు. మంచి ఉపన్యాసం విన్నవారు తక్కువ నేర్చుకుని ఎక్కువ తెలిసిందనుకున్నారు. మన ఉపాధ్యాయులు ఈ చివరి సంగతిని ప్రత్యేకంగా గుర్తించవలె. సారు చాలా బాగా చెబుతారన్న పేరు, పిల్లలకు బాగా తెలిసిందన్న దానికి రుజువు కాదు.

ఇవన్నీ అమెరికా కళాశాలల సంగతులనీ, అరవైమంది పిల్లలున్న తరగతిలో కుదరవనీ ఆక్షేపణ రావచ్చు. మాజూర్ తరగతిలో విద్యార్థులు అరవై కంటె ఎక్కువే. అతని పద్ధతికి యంత్రాలు అక్కరలేదు, చేతివేళ్లు చూపితే చాలు. గిలకలదిండి చేపలరేవులో పడవలకు మంచుగడ్డలు ఎక్కించడం బందరు పిల్లలు చూచే ఉంటారు. ఒక గ్లాసు మంచినీటిలో, ఒక గ్లాసు సముద్రపు నీటిలో మంచుముక్కలు తేలుతున్నాయి. కరిగిన తరువాత నీటిమట్టం పెరుగుతుందా, తగ్గుతుందా, అట్లాగే ఉంటుందా? ఒక వేలు, రెండు వేళ్లు, మూడు వేళ్లు. మంచినీటిలో మట్టం మారదు. సముద్రపు నీటిలో కొద్దిగా పెరుగుతుంది. మంచుముక్క తన బరువుకు సమానమైన ఉప్పునీటిని తొలగిస్తుంది, కరిగి మంచినీరై అంతకంటె కొంచెం ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆర్కిమెడీసు సూత్రం ఒప్పజెప్పగలిగిన తరగతిని ఈ ప్రశ్న రెండుగా చీలుస్తుంది. ఆ చీలిక దగ్గర పది నిమిషాలు వాదులాడనివ్వడం పాఠంలో విలువైన భాగం. గోల అవుతుందని ప్రధానోపాధ్యాయుడు తలుపు దగ్గరకు వస్తే రానివ్వవచ్చు.

రెండవ ఆక్షేపణ ఇంతకంటె గట్టిది. పిల్లల చేతికి సామాను ఇచ్చి మీరే కనుక్కోండి అంటే వారు ఏమీ కనుక్కోరు. 2006లో కిర్ష్‌నర్, స్వెల్లర్, క్లార్క్ అనేవారు మార్గదర్శనం లేని అన్వేషణ కొత్తగా నేర్చేవారికి పనికిరాదని గట్టిగా వాదించారు. ఆ వాదంలో చాలా నిజం ఉన్నది. విద్యార్థి కేంద్రమైన బోధన అంటే ఉపాధ్యాయుడు పక్కకు తప్పుకోవడమని కొందరు అర్థం చేసుకున్నారు. నిజానికి అందులో అతని పని పెరుగుతుంది.

ఒక సుళువైన ప్రయోగాన్ని తీసుకుంటే ఇది స్పష్టపడుతుంది. ఒక ప్లాస్టిక్ గొట్టానికి అడుగున మైనం పెట్టి, కొంచెం ఇసుక పోసి, నీటిలో నిలువుగా తేలేట్లు చేస్తే ద్రవాల సాంద్రతను పోల్చే పరికరం తయారవుతుంది. కాలువనీటిలో అది 10 సెంటీమీటర్లు మునిగితే సముద్రపు నీటిలో ఎంత మునుగుతుంది? లెక్క ప్రకారం 9.76 సెంటీమీటర్లు. తేడా రెండున్నర మిల్లీమీటర్లకు కూడా తక్కువ. కాలువనీరూ సముద్రపునీరూ రెండు బాటిళ్లలో తెప్పించి, ఉత్సాహంగా ప్రయోగం మొదలుపెట్టిన ఉపాధ్యాయుడికి తేడా కంటికి ఆనదు. ప్రయోగం విఫలమైందని సామాను సర్దివేసి, ఫలితాన్ని బోర్డుమీద వ్రాస్తాడు. పిల్లలు దానిని ఎక్కించుకుంటారు. కాని అక్కడే ఆగి, ఇంత చిన్న తేడాను పెద్దదిగా కనబడేట్లు చేయడమెట్లా అని అడిగి ఉంటే? పరికరం అడుగుభాగం లావుగా ఉండి, పైన కాడ మాత్రం సన్నగా ఉంటే, తొలగవలసిన నీటి పరిమాణంలో కొద్దిపాటి తేడాకే కాడ చాలా పైకి లేస్తుంది. ఒక చిన్న సీసాకు సన్నని గొట్టం బిగించి చూస్తే చాలు. పాలకేంద్రంలో పాలు పరీక్షించే లాక్టోమీటరు ఆకారం అందుకే అట్లా ఉన్నది. ఈ మాటను పిల్లలు తమంత తామే కనుక్కోవాలని పట్టుబట్టనవసరం లేదు. వారు ఇబ్బంది పడిన తరువాత చెబితే చాలు. ఇబ్బంది పడకముందు చెబితే అది మరొక కంఠపాఠమవుతుంది.

అన్నిటికీ మించి పరీక్ష సంగతి తేలవలె. మధ్యప్రదేశ్‌లో 1972లో 16 పాఠశాలలతో మొదలైన హోషంగాబాద్ విజ్ఞానబోధన కార్యక్రమం ఈ విషయంలో మనకంటె తెలివిగా నడిచింది. బోధన మార్చినవారు పరీక్షను కూడా మార్చారు. విద్యార్థి పుస్తకం తెచ్చుకుని తెరిచి చూడవచ్చు. ప్రయోగం చేసి చూపవలసిన పరీక్ష వేరే ఉండేది. పుస్తకం ఎదుట ఉన్నప్పుడు నిర్వచనం వ్రాయుము అన్న ప్రశ్న తనంత తానే అర్థం లేనిదైపోతుంది. ఆ కార్యక్రమం వందలాది పాఠశాలలకు వ్యాపించి, మూడు దశాబ్దాలు నడిచి, 2002లో రాష్ట్రప్రభుత్వ నిర్ణయంతో ఆగిపోయింది. ఆగిపోవడానికి రాజకీయ కారణాలు ఏమైనా కావచ్చు, అట్లాంటి పరీక్ష గ్రామీణ పాఠశాలలలో సాధ్యమేనన్న సంగతి మాత్రం రుజువైంది.

దివిసీమ విద్యార్థిని ఏమి అడగవచ్చునో చెప్పడానికి ఒక ప్రశ్న చాలు. 1977 నవంబరు 19న వచ్చిన తుఫానులో సుమారు 5 మీటర్ల ఎత్తున ఉప్పెన నాగాయలంక, కోడూరు ప్రాంతాల తీరగ్రామాల మీదికి వచ్చింది. మరణించినవారు పదివేల మంది దాకా ఉంటారని అంచనా. 1864 నవంబరు 1న ఇట్లాంటి ఉప్పెనే బందరును ముంచి సుమారు ముప్పైవేల మందిని బలిగొన్నది. 1990 మే నెలలో కృష్ణా ముఖద్వార ప్రాంతాన్నే తీవ్రమైన తుఫాను తాకినప్పుడు, ముందుగా లక్షల మందిని తరలించినందువల్ల మృతుల సంఖ్య వెయ్యి లోపే ఆగింది. హెచ్చరిక విన్నవాడు దానిని నమ్మి కదలడానికి, ఉప్పెన అంటే ఏమిటో ఎరిగి ఉండడానికి సంబంధం ఉన్నది. తుఫాను అంటే అల్పపీడనమని వ్రాస్తే ఇప్పటి పరీక్షలో మార్కులు వస్తాయి. గాలి వేగం తగ్గింది గనుక గండం గడిచిందనుకుని బయటికి వచ్చేవాడికి ఆ మార్కులు సాయపడవు.

ప్రశ్న ఇట్లా ఉండవచ్చు. తుఫాను కేంద్రంలో భారమితిలోని పాదరసం మామూలు కంటె 45 మిల్లీమీటర్లు పడిపోయిందనుకొనుము. పాదరసం నీటికంటె 13.6 రెట్లు సాంద్రమైనది. పీడనం తగ్గినందువల్ల సముద్రమట్టం ఎంత పెరుగును? అది 5 మీటర్ల ఉప్పెనకు చాలునా? చాలనిచో మిగిలిన నీటిని తెచ్చినది ఏది? పుస్తకం చూడవచ్చును.

గుణిస్తే 612 మిల్లీమీటర్లు, అంటే 61 సెంటీమీటర్లు. మిగిలిన నాలుగు మీటర్ల పైచిలుకు సంగతి చెప్పడానికి గాలి తోసుకువచ్చే నీరు, లోతులేని సముద్రం, పల్లపు తీరం, ఆ సమయానికి పోటు ఉన్నదా లేదా అనేవి ఆలోచించవలె. 61 అని వ్రాసి ఆగిపోయిన విద్యార్థికి సగం మార్కులు ఇవ్వవచ్చు. లెక్క చేసి, ఇది చాలదు, మిగిలినది గాలి తోసినదై ఉండవలెనని వ్రాసినవాడికి, కారణాలన్నీ చెప్పలేకపోయినా, మిగతా సగంలో ఎక్కువభాగం దక్కవలె. పత్రాలు దిద్దేవారికి ఇచ్చే మార్కుల పట్టికలో అట్లాంటి జవాబుకు ఇంకా గడి లేదు.